లింగార్పితమునకు తగిన అన్నము



అష్టావరణములలో గురు, లింగ, జంగమములను గూర్చి మన పెద్దలు విస్తారముగా చెప్పుదురు. విభూతి, రుద్రాక్ష, మంత్రములను గూర్చియు చెప్పుదురు. పాదోదక ప్రసాదముల దగ్గరకు వచ్చుసరికి పొద్దు వాలును. శ్రోతల దృష్టి పంక్తిలో పరచిన విస్తళ్ల వైపు మరలును. ఆ విస్తరియే ఈనాటి పాఠమునకు విషయము.

ఇష్టలింగమునకు అర్పింపనిది నోట పెట్టరాదన్నది వీరశైవుని నియమము. మనము తినునదెల్ల మొదట నైవేద్యము, పిదప ప్రసాదము. షట్‌స్థలములలో మూడవది ప్రసాదిస్థలము. ఈ నియమమును మాటవరుసకు గాక నిజముగా పాటించువాడు కంచము ముందు కూర్చున్న ప్రతిసారియు ఒక ప్రశ్న వేసికొనక తప్పదు: ఇది అర్పింపదగినదేనా?

ఒకనాడు తరగతిలో ప్రసాదమును గూర్చి చెప్పుచుండగా ఒక చిన్నవాడు లేచి, “సార్, ప్యాకెట్ల చిప్సు లింగయ్యకు పెట్టొచ్చా?” అని అడిగెను. తక్కిన పిల్లలు నవ్విరి. నవ్వదగిన ప్రశ్న కాదది. మన యిండ్లలో పెద్దలు కూడ అడుగుకొనని ప్రశ్న.

దీనికి కొందరు వెంటనే చెప్పెడి సమాధానమొకటి కలదు: “ఎవరు వండిరో, ఏ కులమువారు ముట్టిరో తెలియదు గనుక పనికిరాదు” అని. ఈ సమాధానము బసవమతమునకు విరుద్ధము. అందుకు సాక్ష్యము మన జనగామ జిల్లా పాలకుర్తి పేరుతో ముడివడిన పాల్కురికి సోమనాథుని బసవపురాణముననే యున్నది. మాదర చెన్నయ్య కథను ఒకసారి మననము చేయుదము. చెన్నయ్య అంత్యజుడని లోకము దూరముంచిన కులమువాడు. గడ్డి కోసి పొట్టపోసికొనువాడు. ఎవరి కంటను పడకుండ శివుని కొలిచి, తాను త్రాగెడి అంబలినే అర్పించెను. కరికాలచోళుడు రాజోచితమైన నైవేద్యమును నిత్యము స్వామికి పెట్టువాడు. ఆనాడు మాత్రము స్వామి దానిని ముట్టలేదు. రాజు తన వలన ఏ అపచారము జరిగెనో యని ప్రాణత్యాగమునకు సిద్ధపడగా, చెన్నయ్య అంబలితో తన కడుపు నిండినదని శివుడు తెలిపెను.

ఈ కథను మనము భక్తి గొప్పదనమునకు దృష్టాంతముగా చెప్పి విడిచిపెట్టుదుము. అది నిజమే గాని, స్వామి మెచ్చిన పదార్థమేదో కూడ చూడవలెను. అది కష్టించి సంపాదించినది, అర్పించువాడు తానును త్రాగునది. కులము అడ్డు రాలేదు. మడి పేరు చెప్పి తోటి మనిషి చేతి అన్నమును త్రోసిపుచ్చి, అదే పూట బజారులో ఎన్నిమారులు కాగెనో తెలియని నూనెలో వేగిన మిర్చిబజ్జీలు తినువాని ఆచారము నాకు బోధపడదు.

చెన్నయ్యతో పాటు ఆయ్దక్కి లక్కమ్మను తలచుకొనవలెను. కల్యాణమున ఆమె భర్త మారయ్య నేల రాలిన బియ్యము ఏరి తెచ్చెడివాడు. అదియే వారి కాయకము, దానితోనే జంగమ దాసోహము. ఒకనాడు అతడు అవసరమునకు మించి తెచ్చినప్పుడు లక్కమ్మ దానిని వండ నిరాకరించి, ఎక్కడివి అక్కడ పోసి రమ్మని పంపినది. ఈ దంపతులకు వంట పొయ్యి మీద మొదలుకాలేదు. గింజ చేతికి వచ్చిన తీరుతోనే మొదలైనది.

ఇక మన జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి సీమలకు వత్తము. మన తాతల నాటి నిత్యాహారము జొన్నగట్క, జొన్నరొట్టె, తైదంబలి. వరి అన్నము చాల యిండ్లలో పండుగ నాటి మాట. బావులు, బోర్లు, కాలువలు వచ్చి వరి విస్తరించినది. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యము పథకము మొదలైనది. ఆకలి తగ్గినది, దానిని తక్కువ చేసి మాటలాడుట కృతఘ్నత. కాని ఆ తెల్లని అన్నము వెంట జొన్న మన కంచము నుండి దాదాపు తొలగిపోయినది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రకటించిన పట్టికలను చూడుడు. నూరు గ్రాముల మరబియ్యమున పీచు మూడు గ్రాములకు లోపు. జొన్నలలో సుమారు పది. తైదలలో సున్నము మూడు వందల అరువది మిల్లీగ్రాములకు పైన. బియ్యమున పది కూడ లేదు. మరలో తవుడు ఎంతగా పోయిన బియ్యమును అంత మేలిరకమని మురియుచున్నాము, తవుడును మాత్రము పశువులకు పెట్టుచున్నాము. పశువులు మనకంటె తెలివిగలవని కాదు గాని, లాభము వానికే దక్కుచున్నది.

కనుక ఇంటిలో వండినంత మాత్రముననే అన్నము మేలైనది కాదు. ఒక మనిషికి దినమునకు ఉప్పు ఐదు గ్రాములకు లోపు, అనగా ఒక చిన్న చెంచాకు మించకుండ చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. ఊరగాయ, అప్పడము, పచ్చిపులుసు మూడును ఒకే కంచమున పడినచో లెక్క యేమగునో గృహిణులకు నేను చెప్పనక్కరలేదు.

కారము సంగతి మరింత విచిత్రము. మహబూబాబాద్ ప్రాంతము మిరపకు పేరు గన్నది. కల్లములనిండ ఎర్రని మిరప ఎండుచుండగా, ఆ ఊరి వంటింటిలోనే కారము పొట్లము కనిపించును. కొన్న కారమును పరీక్షించుట కష్టము కాదు. గాజుగ్లాసులోని నీటిపై చిటికెడు చల్లవలెను. రంగు కలిసినదైనచో ఎర్రని చారలు నీటిలోనికి జారును. ఇటుకపొడి యైనచో అడుగున చేరి వ్రేళ్లకు గరుకుగా తగులును. పరిచయమున్న రైతు వద్ద ఏడాదికి సరిపడ కాయ కొని, తొడిమలు తీసి, ఎండబెట్టి, కండ్ల ముందు గిర్నీలో పట్టించుకొనుట ఉత్తమము. ఏ మందు ఎప్పుడు కొట్టితివని ఆ రైతును అడుగుటకు మొగమాటపడరాదు.

ఇంతవరకు చదివిన అక్కచెల్లెండ్రు, “ఇదంతయు చేయవలసినది మేమే గదా!” యని అనుకొందురు. న్యాయమైన మాట. వంటయు కాయకమే యైనప్పుడు అది ఒక్కరి నెత్తిన పెట్టి, తక్కినవారు ప్రసాదమునకు మాత్రము కూర్చుండుట దాసోహము కాదు. భూపాలపల్లి గనులలో రాత్రి షిఫ్టునకు పోవు కార్మికుని డబ్బా కొరకు ఆ యింటి యిల్లాలు వేళగాని వేళ పొయ్యి వెలిగించును. అతడు సెలవునాడు జొన్నరొట్టె కొట్టుట నేర్చిన తప్పేమి? మొదట మూలలు తేలును. నాలుగు వారములకు గుండ్రనగును. పిల్లలచే తైదపిండి కలిపింపవచ్చును, కూర కోయింపవచ్చును. తాము చేసినదానిని పిల్లలు వంకపెట్టక తిందురు.

ఆ చిన్నవానికి నేను చెప్పినది ఇంతియే: “అందులో ఏమేమి కలిపిరో వెనుక అచ్చువేసియుందురు. దానిని లింగయ్య ముందు బిగ్గరగా చదువు. చదువగలిగితివా, పెట్టు.” వాడు మరునాడు ఇంటి నుండి సర్వపిండి ముక్క తెచ్చి, బియ్యప్పిండి, పల్లీలు, నువ్వులు, కారము, ఉప్పు అని వ్రేళ్లు మడిచి లెక్కపెట్టెను.

మఠములవారికిని, శివరాత్రికి కురవి వీరభద్రస్వామి జాతరకు పోయి దాసోహము చేయు బంధువులకును ఒక విన్నపము. ఒక గుండిగెడు అంబలి కూడ కాచి యుంచుడు. తైదపిండిని రాత్రియే నీట కలిపి ఉంచి, తెల్లవారి ఎసరు మరిగినప్పుడు పోసి, ఉండకట్టకుండ త్రిప్పుచు పచ్చివాసన పోవువరకు ఉడికింపవలెను. చల్లారిన పిదప పలుచని మజ్జిగ, కొద్దిగా ఉప్పు. ఉపవాసముండి ఎండలో నడచివచ్చిన వృద్ధులకు నూనె పూరీ కంటె అది తేలిక. మజ్జిగను ముందే కలుపక వేరుగా ఉంచినచో మధ్యాహ్నము వరకు పులియకుండ నిలుచును.