జీవామృతం కలిపిన చేతులు, పచ్చి కొత్తిమీర

పై వీడియోలో జీవామృతం కలపడం చూశారు కదా. 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల పేడ, ఆవు మూత్రం, బెల్లం, పప్పుల పిండి, గుప్పెడు గట్టు మట్టి. ఇదంతా మనకు వచ్చిన పనే. కానీ ఈ పని వల్ల ఇంట్లో వాళ్లకి, మన కూరలు కొనేవాళ్లకి కడుపు జబ్బు రాకుండా ఎలా చూసుకోవాలో వీడియోలో చెప్పలేకపోయాను. అది ఇక్కడ రాస్తున్నాను.

"దేశీ ఆవు పేడ కదా, దానివల్ల జబ్బేంటండీ?" అని అడుగుతుంటారు. పేడలో నేలకు మేలు చేసే సూక్ష్మజీవులతో పాటు కడుపుకి చేటు చేసే ఈ.కోలై, సాల్మొనెల్లా రకాలు కూడా ఉండొచ్చు. ఆవుకి ఏమీ కాదు, చక్కగా మేస్తూనే ఉంటుంది. అదే మనిషి లోపలికి పోతే వాంతులు, విరేచనాలు. పసిపిల్లలకైతే ఒక్కోసారి కిడ్నీల దాకా వస్తుంది. కంపోస్టు కుప్ప లోపల 55 డిగ్రీలు దాటి, తిరగేస్తూ పదిహేను రోజులు ఆ వేడి నిలిస్తే ఇవి చాలావరకు చస్తాయి. జీవామృతం డ్రమ్ములో ఆ వేడి పుట్టదు. పైగా మనం వేసిన బెల్లం మంచివాటికే తిండి అవుతుందన్న హామీ ఏమీ లేదు.

2011లో జర్మనీలో మొలకలు తిని దాదాపు 4 వేల మంది జబ్బుపడ్డారు, 50 మందికి పైగా చనిపోయారు. ఆ మొలకలు పెంచింది సేంద్రియ క్షేత్రమే. చివరికి వేలు చూపింది బయటి నుంచి తెప్పించిన మెంతి విత్తనాల వైపు. రసాయనం లేదు కాబట్టి కడగక్కర్లేదు అనే మాట నాకు అసలు నచ్చనిది ఇందుకే.

అమెరికా సేంద్రియ నిబంధనల్లో పచ్చి పేడ వేస్తే, తినే భాగం మట్టికి తగిలే పంటకి కోతకు 120 రోజుల ముందే ఆపాలి, మిగతావాటికి 90 రోజులు. మన కొత్తిమీర నెలా నెలన్నరలో కోతకొస్తుంది, ఇక లెక్క ఎక్కడ కుదురుతుంది? అందుకని పచ్చిగా తినే కొత్తిమీర, పుదీనా, కీర, క్యారెట్ మడులకు నేను బాగా మాగిన కంపోస్టే వేస్తాను. జీవామృతం వండుకునే వంగ, బెండ, గోంగూరలకి, అదీ మొదళ్లలో పోస్తాను.

ఇంకోటి, కట్టలు తాజాగా కనబడాలని మార్కెట్‌కి వెళ్లే ముందు కాలవలో ముంచుతారు చూడండి, దయచేసి అది మానండి. ఊరి మురుగు కలిసే నీళ్లవి. మంచి బోరు నీళ్లు చల్లితే చాలు.

డ్రమ్ము దగ్గరే ఒక సబ్బు, ఒక మగ్గు వేలాడదీయండి. గోళ్ల సందులతో సహా ఇరవై సెకన్లు రుద్దాలి. ఉత్త నీళ్లతో తడుపుకుని అన్నం ముద్ద కలపడం కడగడం కాదు. పేడ బకెట్ వేరు, పాల బకెట్ వేరు, ఇంట్లో అందరికీ తెలిసేలా రంగు వేసి పెట్టండి.

ఎంత చూసుకున్నా విరేచనాలు పట్టుకుంటే ఓఆర్‌ఎస్ ప్యాకెట్ మీద రాసినట్టే కలిపి తాగించండి. ప్యాకెట్ లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో తలగొట్టిన ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, టీ చెంచాతోనే. విరేచనంలో రక్తం కనిపించినా, పిల్లలు మూత్రం పోయకుండా మగతగా పడి ఉన్నా ఇంట్లో వైద్యం వద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.