సింగరేణి గనుల మాటలు – చరిత్రకు ఆధారాలు

ఒక ప్రాంతపు చరిత్రకు శాసనాలు, కైఫీయత్తులు, కట్టడాలు ఆధారాలైనట్లే అక్కడి శ్రమజీవుల పలుకుబళ్ళు కూడా ఆధారాలే. ఈ సత్యానికి సింగరేణి బొగ్గు ప్రాంతం చక్కని నిదర్శనము. ఉర్దూ, తెలుగు భాషలను ఒకే ప్రాంగణంలో అభ్యసిస్తున్న మన విద్యార్థులకు ఈ విషయం మరింత సన్నిహితమైనది.

1871లో భారత భూగర్భ పరిశోధన శాఖకు చెందిన డాక్టర్ విలియం కింగ్ ఇల్లందు సమీపాన బొగ్గు నిక్షేపాలను కనుగొన్నాడు. అక్కడి ఒక బొగ్గు పొర నేటికీ ‘కింగ్ సీమ్’ అనే పేరుతో ఆయనను స్మరింపజేస్తున్నది. 1886లో ఇంగ్లండులో ఏర్పడిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకపు హక్కులను పొందగా, 1889లో పని ఆరంభమైనది. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ అవతరించింది. 1945లో నిజాం ప్రభుత్వం అందులోని వాటాలలో అధికభాగాన్ని కొనుగోలు చేసింది. నేడు తెలంగాణ ప్రభుత్వానికి 51 శాతం, కేంద్ర ప్రభుత్వానికి 49 శాతం వాటాలున్నవి. సింగరేణి అనునది ఇల్లందు చేరువనున్న ఒక పల్లె. ఆ పల్లె పేరే కొత్తగూడెం, బెల్లంపల్లి, మందమర్రి, రామగుండం, భూపాలపల్లి గనులన్నిటికీ ఇంటిపేరైనది.

ఇక మాటల సంగతి. సంస్కృత ‘ఖని’ తెలుగులో ‘గని’ అయినది. గోదావరిఖని పట్టణం పేరులో ప్రకృతి రూపమే నిలిచింది. కాని కార్మికుడు గని అనడు, ‘బాయి’ అంటాడు. నీటి కోసం బావి త్రవ్విన రైతుబిడ్డ బొగ్గు కోసం దిగిన చీకటి బిలానికి తనకు తెలిసిన పేరే పెట్టుకొన్నాడు. పొలము విడిచి గనికి వచ్చిన ఒక సమాజపు కథ ఈ చిన్న మాటలో ఇమిడియున్నది.

మనుష్యుల హోదాలను తెలిపే మాటలు పలుమార్లు ఉర్దూ ద్వారా వచ్చినవి. ‘మజ్దూర్’ అనగా కూలి పుచ్చుకొని పనిచేయువాడు. ఫారసీలో ‘ముజ్ద్’ అంటే కూలి. ‘సర్దార్’ అనగా పెద్ద. కార్మికులు పనిలోకి పోకముందే పైకప్పును తట్టి చూచి, ప్రమాదకర వాయువును పరీక్షించే బాధ్యత అతనిది. ఈ మాటలు భారతదేశపు ఇతర గనులలోనూ ఉన్నవే. అయినను ఉర్దూ పాలనాభాషగా వర్ధిల్లిన హైదరాబాదు రాజ్యంలో అవి ఎవరికీ పరాయిగా తోచలేదు.

సీమ్, టబ్బు, షిఫ్టు, మస్టరు – ఇవి యంత్రంతో, లెక్కతో పాటు వచ్చిన ఆంగ్ల పదాలు. వీనిలో మస్టరు అనగా హాజరు మాత్రమే కాదు. పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం భూగర్భంలో పనిచేయువారికి ఏడాదిలో 190 రోజుల పని ఉంటే అది నిరంతర సేవగా పరిగణింపబడేది. కనుక ‘మస్టర్లు నిండినవా?’ అను ప్రశ్న ఒక బదిలీ వర్కరు ఇంటిలో బ్రతుకుతెరువుకు సంబంధించిన ప్రశ్న. ‘బదిలీ’ ఉర్దూ నుండి, ‘వర్కర్’ ఆంగ్లం నుండి వచ్చి, తెలుగువాని నోట ఒక్కటైనవి.

అనగా నేలకు తెలుగు పేరు, మనిషికి ఉర్దూ పేరు, లెక్కకు ఆంగ్ల పేరు. ఈ విభజనకు అపవాదాలు లేకపోలేదు. కాని పల్లె, సంస్థానం, విదేశీ కంపెనీ ఒక్కచోట కలిసిన తీరును ఇది స్పష్టంగా చూపుతున్నది.

ఒకప్పుడు తట్ట, చెమ్మస్ చేతబట్టి కార్మికులు టబ్బులు నింపేవారు. ఆ పనిని క్రమంగా యంత్రాలు ఆక్రమించినవి. తవ్వకం భూగర్భం నుండి అధికభాగం ఓపెన్‌కాస్టుకు మళ్ళింది. పని పోయిన వెనుక పనిముట్టు పేరు, పేరు వెనుక దానిని పట్టిన చేతి అనుభవము మరుగున పడుట సహజము. కంపెనీ దస్త్రాలలో టన్నుల లెక్క నిలుస్తుంది. తట్ట ఎత్తిన మనిషి మాట నిలువదు.

కావున విద్యార్థులారా! మీ బంధువులలో, ఇరుగుపొరుగులలో బాయిపని చేసి విశ్రాంతి పొందుతున్న పెద్దలుంటే వారిని అడిగి ఒక్కొక్క మాటను, దాని అర్థాన్ని, అది వాడిన సందర్భాన్ని వ్రాసికొనండి. ఉర్దూ తెలిసినవారు ఆ లిపిలోనూ వ్రాయండి. ఇరుభాషల విద్యార్థులు కలిసి కూర్చినప్పుడే ఆ నిఘంటువు సమగ్రమవుతుంది. ఆ పెద్దలు మన మధ్య ఉండగానే ఈ పని జరుగవలెను.