దేహకణములు - సమ్మతి - ధర్మము



మన పళని కొండ చెంత తలనీలములు సమర్పించు భక్తులను చూడని బాలుడు మన పాఠశాలలో లేడు. తిరుమలలో అట్టి తలనీలములను దేవస్థానమువారు వేలము వేయుచున్నారు. అందుకు భక్తుడు విచారింపడు. ఏలయన అతడు ఎరిగి, యిష్టపడి, దైవమునకు ఇచ్చినాడు. ఎరుగనీయక తీసికొన్నచో అది కానుక యగునా?

1951లో అమెరికాలోని బాల్టిమోర్ నగరమున హెన్రియెట్టా లాక్స్ అను నల్లజాతి స్త్రీ గర్భాశయ ద్వారమున కాన్సరుతో జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రికి వచ్చెను. వైద్యులు ఆమెకు తెలుపకయే కణితినుండి కణములు తీసిరి. ఆమె 31వ యేట మరణించెను. ఆ కణములు నేటికిని పరిశోధనశాలలలో పెరుగుచున్నవి. పోలియో టీకా పరీక్షకు అవి తోడ్పడినవి. మొదట వానిని పరిశోధకులకు ఉచితముగా పంచిరి. పిదప కంపెనీలు విక్రయించి ధనము గడించినవి. కుటుంబమువారికి 1973 వరకు ఈ సంగతి తెలియదు. 2023లో థర్మో ఫిషర్ కంపెనీ వారితో రాజీపడినది.

జాన్ మూర్ అను రోగి దావాలో, తీసివేసిన కణములపై రోగికి ఆస్తిహక్కు లేదనియు, వైద్యుడు తన లాభాపేక్షను ముందుగా తెలుపవలెననియు కాలిఫోర్నియా సుప్రీంకోర్టు 1990లో తీర్పు చెప్పెను. దేహమునకు వెల కట్టినచో బీదవాడు దానిని అంగడికెక్కించునను భయము సహేతుకమే. మన 1994 నాటి చట్టము అవయవ విక్రయమును నిషేధించినది. కాని వెల వేరు, పాలు వేరు. ఇచ్చినవాడు దాతగానే యుండగా పుచ్చుకొన్నవాడు వర్తకుడైనచో, లాభములో దాతకు పాలుండుట న్యాయము. భారత వైద్య పరిశోధన మండలి 2017 నియమావళియు ఈ పాలును అంగీకరించుచున్నది.

ఇది దూరదేశపు కథ కాదు. లాక్స్ కణములలో పాపిల్లోమా వైరసు కానవచ్చినది. ఆ వైరసుకు టీకా వచ్చినది; అది మేలైన టీకాయే. 2009లో ఖమ్మం జిల్లాలో దానిని పరిశీలనార్థము బాలికలకు వేసిరి; 2010లో నిలిపిరి. విచారణలో చూచిన 9,543 సమ్మతి పత్రములలో 2,763 పత్రములపై హాస్టలు వార్డెనులు సంతకము చేసియుండిరి! తెలుగుబిడ్డల తలిదండ్రులకు బదులుగా మావంటి ఉద్యోగులు చేసిన సంతకములవి. ఆ వాక్యము చదివినపుడు నేను తలవంచుకొంటిని.

మన యిండ్లలో తెలుగు, చేతికి వచ్చు పత్రములో తమిళమో ఆంగ్లమో. కావున మీ బిడ్డ రక్తమునో లాలాజలమునో పరిశోధనకు ఎవరైన అడిగినచో, ఎందులకు, ఎవరు దాచుదురు, లాభము ఎవరిది అని మూడు ప్రశ్నలు అడుగుడు. తెలియని మాట నాయొద్దకు తెండు, చదివి చెప్పెదను. మీ బదులు సంతకము మాత్రము చేయను.