రాగిని తెచ్చుకున్న మేనల్లుడికి

తణుకు,
దసరా వెళ్లిన మర్నాడు.

చిరంజీవి మేనల్లుడికి,

నువ్వు పంపిన కుక్కపిల్ల ఫొటోలన్నీ చూశాను. రాగి రంగు ఒళ్లు, నల్లటి మూతి, ఒక చెవి నిలబడి ఇంకో చెవి వాలి ఉంది. రాగి అన్న పేరు బాగా కుదిరింది. సెల్లార్‌లో దాని ఏడుపు విన్న వెంటనే ఎత్తుకొచ్చేయకుండా, తల్లి వస్తుందేమోనని ఒక రాత్రంతా కనిపెట్టుకుని ఉన్నానన్నావు చూడు, అది నాకు చాలా నచ్చింది. తల్లికుక్క తిండి వెతుక్కుంటూ పోయి గంటల తరవాత తిరిగొస్తుంది. ఈలోపే జాలిపడి పిల్లల్ని పట్టుకుపోయేవాళ్లు ఎక్కువ. ఎనిమిది వారాలు నిండేదాకా పిల్లకి తల్లి పాలూ కావాలి, తోబుట్టువులతో ఆటా కావాలి. పళ్లు ఎంతవరకు దింపొచ్చో అది నేర్చుకునేది ఆ ఆటలోనే.

మిగతా కబుర్లకు ముందు ఒక పని. ఆడుతూ చెయ్యి కొరికిందనీ, కాస్త రక్తం వచ్చిందనీ, పాలపళ్లే కదా అని కడిగేసుకున్నాననీ ఉత్తరం చివర్లో ఎక్కడో రాశావు. అది మొదటి వాక్యంగా రాయాల్సిన సంగతి. ఈ ఉత్తరం మడిచి ఈ రోజే ఆసుపత్రికి వెళ్లు. వీధిలో పుట్టిన పిల్లకి తల్లి వల్ల రేబిస్ అంటిందో లేదో చూసి చెప్పే దారి లేదు. లక్షణాలు బయటపడ్డాక ఆ జబ్బుకు మందు లేదు. మనిషికైనా అంతే, కుక్కకైనా అంతే. పిల్లకుక్క గీరిందే కదా అని ఊరుకుని ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్లున్నారు. మొదటి రోజు, 3వ రోజు, 7వ రోజు, 28వ రోజు చేతికి చిన్న సూదులు వేస్తారు. రక్తం వచ్చింది కాబట్టి గాయం చుట్టూ ఇంకో మందు కూడా ఇస్తారు, వద్దనకు. మీ హైదరాబాద్ నారాయణగూడలోని ఐపీఎం వైద్య సంస్థలో గానీ, దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రిలో గానీ అడుగు. మా చిన్నప్పుడు బొడ్డు చుట్టూ 14 సూదులంటే ఊరంతా వణికేది. గొర్రె మెదడుతో చేసే ఆ పాత మందు 2005 నాటికి మన దేశంలో ఆగిపోయింది గానీ ఆ భయం మాత్రం ఇళ్లలో ఇంకా ఉంది. నీ రూమ్మేట్లకు కూడా చెప్పు. ఇకమీదట ఎవరికి పన్ను దిగినా పారే నీళ్ల కింద పెట్టి సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం, ఆకుపసరు ఏదీ గాయం మీద పడకూడదు.

ఇప్పుడు రాగి సంగతి. దానికి సుమారు రెండు నెలలుంటాయి. ఈ వయసు కుక్కపిల్లల్ని మా పశువుల ఆసుపత్రికి తెచ్చినప్పుడు నేను ఎక్కువగా భయపడింది పార్వోకి. పొద్దున ఆడుకున్న పిల్ల సాయంత్రానికి మూల చేరుతుంది. వాంతులు, ఆపైన నెత్తుటి విరేచనాలు, ఒంట్లో నీరంతా పోయి రెండు మూడు రోజుల్లో అయిపోతుంది. ఆ వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది. అందుకని మొదటి టీకా ఈ వారమే వేయించు. ఆ తరవాత మూడు నాలుగు వారాలకోసారి, నాలుగు నెలలు నిండేదాకా వేయించాలి. ఒక్కటి వేయించి కార్డు బీరువాలో పెట్టేసేవాళ్లను ఎంతమందినో చూశాను. తల్లి నుంచి వచ్చిన రక్షణ ఒంట్లో ఇంకా మిగిలుంటే మొదటి టీకా పనిచేయకుండా పోవచ్చు, అందుకే మళ్లీ మళ్లీ వేయడం. ఆ వరస పూర్తయ్యేదాకా వీధికుక్కలు తిరిగే నేల మీద దించకు, చంకన వేసుకుని తిప్పు. ఆటోల చప్పుడు, మనుషుల వాసన, లిఫ్టు తలుపులు అన్నీ ఈ వయసులోనే దానికి అలవాటు కావాలి. నట్టల మందు మూడు నెలల వయసుదాకా రెండు వారాలకోసారి వెయ్యి, తరవాత ఆరు నెలలదాకా నెలకోసారి. మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా, మళ్లీ నెలకు ఇంకోటి, ఆపైన ఏటా. రేబిస్ టీకాకు ముందే మెడ దగ్గర మైక్రోచిప్ పెట్టించు. ముందే ఎందుకన్నానో కింద రాస్తాను.

తిండి దగ్గర మీ ఇంట్లో జాగ్రత్త ఎక్కువ కావాలి, ఎందుకంటే మీరు ముగ్గురు మగపిల్లలు, రాత్రిళ్లు బిర్యానీ తెప్పించుకుంటారు. ఆ మిగిలింది దానికి పెట్టొద్దు. ఉల్లిపాయ, వెల్లుల్లి కుక్క రక్తాన్ని పాడుచేస్తాయి. వండిన కోడి ఎముక పుల్లల్లా చీలి పేగులో గుచ్చుకుంటుంది. చాక్లెట్, ద్రాక్ష, ఎండుద్రాక్ష విషం, కాబట్టి ప్రసాదమని పాయసం నాకించడం కూడా వద్దు. మీ అమ్మ చెప్పినట్టు ఉత్త పెరుగన్నం మీద పెంచితే కడుపు నిండుతుంది గానీ ఎదిగే పిల్లకు కండ పట్టదు. అన్నంలో ఉప్పూ కారం లేకుండా ఉడికించిన చికెనో, గుడ్డో, కాస్త గుమ్మడి ముక్కో కలిపి రోజుకు నాలుగుసార్లు కొంచెం కొంచెంగా పెట్టు. కుక్కపిల్లల కోసం అమ్మే మంచి తిండి కూడా వాడొచ్చు. జ్వరంగా అనిపిస్తే మీ డబ్బాలోని పారాసెటమాల్ ముక్క తుంచి వెయ్యకు. మనకు తేలికైన ఆ మాత్ర దాని కాలేయానికి ముప్పు. ఇంకో మాట, కుక్క ఒంటి వేడి మామూలుగానే 101 నుంచి 102.5 డిగ్రీలుంటుంది. చెయ్యి పెట్టి చూసి కంగారుపడకు.

నువ్వు వారానికి మూడు రోజులు ఆఫీసుకు వెళ్తావు. రెండు నెలల పిల్ల మూడు గంటలకు మించి ఆపుకోలేదు. ఇంట్లో ఒంటరిగా తొమ్మిది గంటలు వదిలితే నేలంతా పాడుచేస్తుంది, చెప్పులు కొరుకుతుంది, గుక్కపట్టి ఏడుస్తుంది. అప్పుడు వాచ్‌మన్ మీదా, పక్క ఫ్లాటువాళ్ల మీదా కోపం తెచ్చుకుని లాభం లేదు. మీ ముగ్గురిలో ఎవరు ఏ పూట ఉంటారో కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించండి. కుదరని రోజున డబ్బిచ్చి చూసుకునే మనిషిని పెట్టండి. పెంపుడు జంతువుల్ని అపార్టుమెంటు సంఘం నిషేధించకూడదని జంతు సంక్షేమ బోర్డు 2015లో సర్క్యులర్ ఇచ్చింది. అది నీ దగ్గర ఉంచుకో గానీ దాంతో మాట మొదలుపెట్టకు. రాగిని ఎత్తుకుని పక్కింటికి వెళ్లు, ఆ ఇంటి ముసలావిడకు చూపించు, రాత్రి ఏడిస్తే ఏ నంబరుకు ఫోన్ చేయాలో ఇచ్చి రా. బయటికి తీసుకెళ్లే రోజులొచ్చాక జేబులో కవరు లేకుండా గడప దాటకు. దాని మలంలోని నట్టల గుడ్లు మట్టిలో చేరి, ఆ మట్టిలో ఆడుకునే పిల్లల కడుపులోకి పోతాయి. మున్సిపల్ లైసెన్సు కూడా తీసుకో.

గేటు దగ్గర మూడు కుక్కలకు అన్నం పెడుతున్నావనీ, దాని మీద గొడవైందనీ రాశావు. ఇక్కడ నేను కాస్త నిలబడి మాట్లాడతాను. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబును వీధికుక్కలు చంపేసిన సంగతి నీకు తెలుసు. కుక్కల కోసం మనం ఏ మాట మాట్లాడినా ఆ తల్లిదండ్రుల ఎదుట నిలబడి చెప్పగలిగేదై ఉండాలి. భయపడే మనిషిని రాతిగుండె అనకు. గేటు దగ్గర తిండి దొరికితే కుక్కలు ఆ గేటును తమదనుకుంటాయి, సైకిల్ మీద వచ్చే పిల్లాడి మీదికి ఉరుకుతాయి. 2023 జంతు జనన నియంత్రణ నిబంధనలు కూడా ఇదే చూసి రాశారు. మెట్లకు, గుమ్మాలకు, పిల్లలు ఆడుకునే చోటుకు దూరంగా ఒక చోటు, పిల్లలూ పెద్దవాళ్లూ ఎక్కువగా తిరగని ఒక వేళ చూసుకోవాలి, తిన్నాక ఆ చోటు శుభ్రం చేయాలి. మీ సంఘంతో కూర్చుని ఆ చోటు తేల్చుకో.

కానీ ఉత్త అన్నం పెట్టి ఊరుకుంటే సగం పనే. ఆ మూడింటి చెవులు చూడు. ఒక చెవి కొస కత్తిరించి ఉంటే కు.ని. ఆపరేషన్ అయినట్టు. లేకపోతే మున్సిపాలిటీకి చెప్పి పట్టించు, ఆపరేషన్, రేబిస్ టీకా అయ్యాక మళ్లీ అదే చోట వదిలేదాకా వెంటపడు. అదే చోట ఎందుకని మీవాళ్లు అడుగుతారు. ఆ కుక్కల్ని తీసేస్తే ఆ చోటు ఖాళీగా ఉండదు, టీకా లేని కొత్త కుక్కలు వచ్చి చేరతాయి. అన్నం పెట్టే నువ్వు పిలిస్తేనే అవి దగ్గరికొస్తాయి కాబట్టి పట్టించే పనికి నీకన్నా పనికొచ్చే మనిషి ఆ వీధిలో లేడు. అపార్టుమెంటు పిల్లల్ని కూడా ఒక ఆదివారం కూర్చోబెట్టు. కుక్క మొరిగితే పరుగెత్తకూడదనీ, కళ్లలోకి చూడకుండా చేతులు ముడుచుకుని కదలకుండా నిలబడాలనీ, తింటున్న కుక్క జోలికీ పిల్లలున్న తల్లి జోలికీ పోకూడదనీ చెప్పు. సరమ కథ చెప్పు. నన్నయగారు తెలుగు భారతంలో ఆదిపర్వం తొలి కథల్లోనే ఒక తల్లికుక్కను తెచ్చి, తప్పు చేయని తన పిల్లను కొట్టినందుకు జనమేజయుడంతటి రాజును నిలదీయించారు. రాళ్లు రువ్వే పిల్లలు ఆ కథ శ్రద్ధగా వింటారు, నేను చూశాను.

టీకొట్టు దగ్గర గజ్జి పట్టి బొచ్చంతా రాలిన కుక్కను కూడా ఇంటికి తెచ్చేస్తానన్నావు. తేవద్దు. టీకాలు పూర్తికాని పిల్ల ఉన్న ఇంట్లోకి వీధిలోంచి ఇంకో రోగి రాకూడదు. దానికి అక్కడే వైద్యం జరుగుతుంది. దగ్గర్లోని పశువైద్యుణ్ని పిలిచి బరువు చూపించి మందు వేయించు, చెప్పిన రోజుల్లో మళ్లీ వేయించు. చాలా గజ్జి కొన్ని వారాల్లో తగ్గి బొచ్చు తిరిగొస్తుంది. పాత ఇంజిన్ ఆయిలు, కిరసనాయిలు పూస్తానని ఎవరైనా వస్తే ఆపు. అది చర్మాన్ని కాలుస్తుంది, కుక్క నాకితే లోపలికి పోతుంది. కాపాడడమంటే ఇంటికి తెచ్చుకోవడమే అనుకుని చిన్న గదుల్లో పదేసి కుక్కల్ని పోగేసి, ఒక్కదానికీ వైద్యం చేయించలేక ఏడ్చినవాళ్లు నా దగ్గరికొచ్చేవారు. వాళ్ల మనసు మంచిదే, ఆ కుక్కల బతుకు మాత్రం బాగోలేదు. రాగి ఒక్కదాన్ని నిలబెట్టు. మిగతావాటికి వీధిలోనే నీ చేతనైంది చెయ్యి.

ఇంకో ఆరు నెలల్లో అది ఎదకు వస్తుంది. ఒక ఈత ఈననిస్తే మంచిదని మీ అమ్మమ్మ అంటుంది. ఆవిడ మాట తీసెయ్యడం నాకూ కష్టమే గానీ ఇందులో నిజం లేదు. 63 రోజులు మోసి ఆరేడు పిల్లల్ని కంటే ఆ ఆరేడింటికి ఇళ్లు ఎక్కడ? పైగా ఆపరేషన్ చేయించని ఆడకుక్కలకు పెద్దయ్యాక గర్భసంచిలో చీము పట్టడం, పాలగ్రంథుల్లో గడ్డలు రావడం నేను పదేపదే చూశాను. ఆ చీము ఎద తగ్గిన కొన్ని వారాలకు మొదలవుతుంది. కుక్క నీళ్లు తెగ తాగుతూ, తిండి మానేసి, చివరికి ఆసుపత్రికి వచ్చేసరికి పరిస్థితి చెయ్యి దాటిపోయేది. ఆరో నెలలో డాక్టరుకు చూపించి రోజు ఖాయం చేసుకో.

దీపావళికి పెద్ద టపాకాయలు మొదలవకముందే నడక, తిండి ముగించి లోపలి గదిలో ఉంచి కిటికీలు మూసెయ్. మెడపట్టీ మీద నీ ఫోన్ నంబరు రాయించు. చప్పుడుకు బెదిరి పరుగెత్తి దారి తప్పే కుక్కలు ఆ రాత్రే ఎక్కువ. ఎండాకాలంలో తారురోడ్డు మీద అరచెయ్యి వెనక్కి తిప్పి పెట్టు. ఏడు లెక్కపెట్టేలోపు తీసెయ్యాల్సొస్తే దాన్ని నడిపించకు.

ఇక నీ అమెరికా. వచ్చే ఏడాది ఎంఎస్‌కు వెళ్లాలనుకుంటున్నావు. రాగి లాంటి మన ఊరకుక్క బాగా చూసుకుంటే 12, 15 ఏళ్లు బతుకుతుంది. నీ చదువు, ఉద్యోగం, పెళ్లి అన్నీ ఆ లెక్కలోనే జరుగుతాయి. మీ అమ్మకు మోకాళ్ల నొప్పులు. ఆవిణ్ని అడక్కుండా, అమ్మ చూసుకుంటుందిలే అని మనసులో రాసేసుకుని ఉంటే అది ఇప్పుడే కొట్టెయ్. వెంట తీసుకెళ్లాలంటే దారి ఉంది, కష్టమైనదే. రేబిస్ ఎక్కువున్న దేశాల జాబితాలో మన దేశాన్ని అమెరికా ఉంచింది. 2024 ఆగస్టు 1 నుంచి మన దగ్గర టీకా వేయించిన కుక్కకు ఆరు నెలలు నిండాలి, మైక్రోచిప్ ఉండాలి, ఆ చిప్ పెట్టాకే రేబిస్ టీకా పడాలి, ప్రభుత్వ డాక్టరు సంతకంతో పత్రాలుండాలి. రక్తపరీక్ష ఫలితం లేకుండా వెళ్తే అక్కడ 28 రోజులు వేరుగా ఉంచుతారు. చిప్ ముందు అన్నది ఇందుకే. ఖర్చు కనుక్కుని ఇప్పటినుంచే పక్కన పెట్టు. కుదరదంటే ఈ ఏడాదిలోనే మంచి ఇల్లు వెతుకు, కొన్ని వారాలు వాళ్లింటికి తిప్పి అలవాటు చెయ్యి. ఊరు మారుతూ కుక్కను హైవే పక్కన దించి పోయేవాళ్లున్నారు. ఆకలికీ దాహానికీ వదిలేయడం 1960 చట్టం ప్రకారం నేరమే, కానీ మొదటిసారికి జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయలదాకే. ఇన్నేళ్లైనా అది పెంచకపోవడం నాకు చాలా బాధ.

వీటిలో ఏది మోయలేనిదిగా కనిపించినా నాకు దాచకుండా రాయి. ఇప్పుడే చెబితే తణుకులో రాగికి నేనున్నాను, పెరడుంది. విమానం ఎక్కే వారం ముందు చెబితే మాత్రం ఎవరమూ సరిగ్గా చేయలేం.

సంక్రాంతికి తీసుకురా. రైల్లో అయితే ఫస్ట్ ఏసీలో కూపే మొత్తం తీసుకోవాలి, లేదంటే బ్రేక్‌వ్యాన్‌లో డబ్బాలో పెడతారు. అంత చిన్నదానికి అది వద్దు. కారులోనే రా. బయల్దేరే ముందు కడుపునిండా పెట్టకు, సూర్యాపేట దగ్గరా ఏలూరు దగ్గరా ఆపి నీళ్లు పట్టు, ఆగినచోట పట్టీ తగిలించాకే తలుపు తియ్యి. టీకా కార్డు మర్చిపోకు. ఆసుపత్రికి వెళ్లొచ్చి ఈ సాయంత్రమే నాకు ఫోన్ చెయ్యి.

మీ అత్తయ్య