తీర్పు చెప్పేవాడికి సొమ్ము ఎవరిస్తున్నారు?

ఇటీవల నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు బస్సులో వెళ్తుండగా ఒక సోదరుడు మమ్మల్ని ఇలా అడిగారు: "మౌలానా! ఒక అధికారి మీద ఆరోపణ వచ్చింది. ఆయనే బయటి నుంచి ఒక పెద్దమనిషిని పిలిపించి, ఫీజు ఇచ్చి విచారణ చేయించుకున్నాడు. తాను నిర్దోషినని కాగితం చూపిస్తున్నాడు. దాన్ని నమ్మవచ్చా?"

ప్రశ్న చిన్నదే. కాని సర్కారు ఆఫీసు మొదలు మస్జిద్ కమిటీ దాకా అందరికీ వర్తిస్తుంది.

ఆత్మపరిశీలన వేరు, యోగ్యతాపత్రం వేరు

ప్రతి మనిషీ రేపటి కోసం ఏం పంపుకున్నాడో చూసుకోవాలని దివ్య ఖుర్‌ఆన్ బోధిస్తోంది (59:18). తమ పరిశుద్ధతను తామే చాటుకోవద్దని కూడా హెచ్చరిస్తోంది (53:32). నోటితో చాటుకోకుండా డబ్బిచ్చి మరొకరి చేత చాటించుకున్నా విషయం ఒక్కటే.

జకాతు వసూలుకు వెళ్లిన ఒకతను తిరిగొచ్చి, కొంత సొమ్ము బైతుల్‌మాల్‌కనీ, కొంత తనకు కానుకగా వచ్చిందనీ చెప్పాడు. అప్పుడు దైవప్రవక్త (స) మింబర్‌పై నిలబడి, అతను తల్లిదండ్రుల ఇంట్లో కూర్చుని ఉంటే ఆ కానుక వచ్చేదా అని నిలదీశారు (బుఖారీ, ముస్లిం). ఇదే గీటురాయి ఇక్కడా పనికొస్తుంది. ఫీజు ఇవ్వకుండా ఉంటే ఆ యోగ్యతాపత్రం వచ్చేదా?

హజ్రత్ ఉమర్ (రజి) పద్ధతి

కూఫా గవర్నర్ హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) పై ఫిర్యాదులు వచ్చాయి. ఆయన స్వర్గ శుభవార్త అందుకున్న పదిమందిలో ఒకరు. అయినా ఖలీఫా విచారణకు మనుషులను పంపారు. వారు కూఫాలోని ఒక్కొక్క మస్జిద్‌కు వెళ్లి ప్రజలనే అడిగారు. అందరూ మంచే చెప్పారు. ఒక్క మస్జిద్‌లో మాత్రం ఒకడు నిందలు మోపాడు (బుఖారీ). సఅద్‌ను తాను తొలగించింది అసమర్థత వల్లా కాదు, ద్రోహం వల్లా కాదని ఉమర్ (రజి) తన అంతిమ ఘడియల్లో స్పష్టం చేశారు.

గమనించండి! విచారణకర్తలను పంపింది సఅద్ కాదు, ఖలీఫా. అందుకే సఅద్ (రజి) గౌరవం నిలబడింది. స్వతంత్ర విచారణ నిజాయితీపరుడికి శత్రువు కాదు, రక్షణ.

హనఫీ ఫిఖహ్ గ్రంథం హిదాయాలోనూ ఇదే సూత్రం ఉంది. ఖాజీకి జీవనభృతి బైతుల్‌మాల్ నుంచి అందాలి. దగ్గరి బంధువుల నుంచీ, పదవికి ముందు నుంచే ఇచ్చిపుచ్చుకునే అలవాటున్నవారి నుంచీ తప్ప అతను కానుకలు తీసుకోరాదు. వారికీ తన ముందు వ్యాజ్యం ఉంటే అవీ కూడదు. జీతగాడు తన యజమాని పక్షాన ఇచ్చే సాక్ష్యం చెల్లదు.

మన కాలంలో

1991 ఉప ఎన్నికలో నంద్యాల నుంచి పి.వి. నరసింహారావు 5 లక్షలకు పైగా మెజారిటీతో గెలిచారు. ఆయన ప్రధానిగా ఉండగా 1993 జూలైలో అవిశ్వాస తీర్మానం వచ్చింది. అవిశ్వాస తీర్మానమంటే పాలకులపై తీర్పు. ఆ తీర్పు చెప్పవలసిన కొందరు ఎంపీలకు పాలకపక్షం నుంచే డబ్బు ముట్టిందని అభియోగం. 2000లో ప్రత్యేక కోర్టు ఆయనను దోషి అన్నది. 2002లో ఢిల్లీ హైకోర్టు నిర్దోషిగా ప్రకటించింది. అయితే లంచం తీసుకుని సభలో ఓటేసిన సభ్యుడికి రక్షణ ఉంటుందని సుప్రీంకోర్టు 1998లో ఇదే కేసులో చెప్పింది. ఆ మాటను ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 2024 మార్చి 4న కొట్టివేసింది.

మంచి ఉదాహరణ కూడా మన రాష్ట్రంలోనే ఉంది. ఉపాధి హామీ పనుల మీద 2006 నుంచి సామాజిక తనిఖీలు జరిగాయి. పనులు చేయించిన శాఖే వాటిని తనిఖీ చేయకూడదని 2009లో వేరే సొసైటీ ఏర్పడింది. లెక్కలను ఊరి జనం ముందు చదివి వినిపించారు.

మన సంగతేమిటి?

ఇతరులను వేలెత్తి చూపడం సులభం. మన మస్జిద్, మదరసా లెక్కలు ఎవరు చూస్తున్నారు? ముతవల్లీ బావమరిదే చూసి సంతకం పెడుతున్నాడా? కమిటీ ఇచ్చే జీతంతో బతికే ఇమామ్ సాహెబ్ చేత "అంతా సవ్యమే" అని జుమా రోజు చెప్పిస్తున్నామా? మాలాంటి ఉలమాలూ జాగ్రత్తపడాలి. నాయకుడి ఇఫ్తార్ విందులో కవరు అందుకుని, ఆయన నిజాయితీకి దుఆ రూపంలో సాక్ష్యం పలికితే రేపు అల్లాహ్ ముందు జవాబు చెప్పాలి. తమకూ, తమ తల్లిదండ్రులకూ వ్యతిరేకమైనా సరే న్యాయసాక్ష్యం పలకమన్నదే కదా ఖుర్‌ఆన్ ఆజ్ఞ (4:135)!

కాబట్టి ఆ సోదరునికి మేము చెప్పిన సమాధానం ఇది: శ్రమకు ప్రతిఫలం తీసుకోవడం తప్పు కాదు. కాని ఎవరి మీద విచారణ జరుగుతోందో అతనే విచారణకర్తను ఎంచుకోరాదు, అతని జేబులోంచి సొమ్ము వెళ్లరాదు, నివేదిక అతని చేతిలోనే ఆగిపోరాదు. ఈ మూడూ సరిచూసుకున్నాకే కాగితాన్ని నమ్మాలి.

ఏ రుసుమూ, ఏ సిఫారసూ పనిచేయని విచారణ ఒకటి ముందుంది. దానికి సిద్ధమయ్యే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.