పడవ నడుపు విద్య

నిజామాబాదు జిల్లాలోని ఆర్మూరు పసుపు పంటకు పేరు మోసిన పట్టణము. చలికాలము చివర ఆ చుట్టుప్రక్కల పల్లెలలో పసుపును త్రవ్వి, ఉడికించి, కళ్ళములలో ఆరబెట్టుదురు. ఆ దినములలో రైతు చూపు కొమ్ములమీద కంటె ఆకసముమీదనే యెక్కువగా నుండును. అకాలముగా వాన పడి కొమ్ము తడిసినచో రంగు చెడును. రంగు చెడిన సరకునకు అంగడిలో ధర పలుకదు. కావున మబ్బు ఏ దిక్కున పట్టినది, గాలి యెటు తిరిగినది అను సంగతి అక్కడి పిల్లలకు సైతము తెలియును. పడవ నడుపువాడు నేర్వవలసిన మొదటి విద్యయు నిదియే.

ఆర్మూరునకు ఉత్తరముగా కొద్ది దూరమున గోదావరిపై పోచంపాడు ఆనకట్ట కలదు. 1963 జూలై 26వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూ దీనికి శంకుస్థాపన చేసెను. ఆ జలాశయమునే శ్రీరాంసాగరమందురు. ఆనకట్టకు 42 గేట్లు కలవు. నిండు మట్టము 1091 అడుగులు. జాలరులు తెప్పలమీదను, నాటుపడవలమీదను తిరిగి యిందు చేపలు పట్టుదురు. ఇట్టి జలాశయమున దారి సంవత్సరమంతయు ఒక్కటిగా నుండదు. వేసవిలో మట్టము తగ్గినపుడు, వానకాలమున లోతున దాగియున్న బండలును, మోళ్ళును పైకి వచ్చి పడవ అడుగును చీల్చగలవు. వరదలలో గేట్లెత్తినపుడు నీరు ఆనకట్ట వైపునకు లాగును. అపుడు ఆ దరికి పడవను తీసికొనిపోవుట ప్రాణములతో చెలగాటమే.

వేసవి సాయంకాలములందు వచ్చు గాలివాన మరింత కపటమైనది. మధ్యాహ్నము వరకు నీరు అద్దమువలె నుండును. అంతలో ఒక దిక్కున మబ్బు కొండవలె పెరిగి, దాని తల కమ్మరి దాగలివలె విప్పారును. దానిని చూచిన పడవవాడు వల సగములోనున్నను విడిచి ఒడ్డు చేరవలెను. చల్లని గాలి ముఖమునకు తగిలిన పిమ్మట మిగులు వ్యవధి మిక్కిలి స్వల్పము. మెరుపు కనబడిన తరువాత ఉరుము వినబడుదాక సెకండ్లను లెక్కింపవచ్చును. మూడు సెకండ్లకు ఒక కిలోమీటరు చొప్పున మెరుపు దూరము తెలియును.

సముద్రము మీద లెక్క వేరు. మన అర్ధగోళమున గాలికి వీపు త్రిప్పి నిలిచినచో, అల్పపీడనము ఎడమచేతి వైపున నుండును. ఈ సూత్రమును హాలండు శాస్త్రజ్ఞుడు బైస్ బాలట్ 1857లో ప్రకటించెను. గోదావరి ముఖమునగల కోరంగి రేవు 1789లోను, 1839లోను తుఫానుల పాలయ్యెను. కలకత్తాలో పనిచేసిన హెన్రీ పిడింగ్టను ఇట్టి గాలుల వృత్తాంతములను సేకరించి, చుట్టచుట్టుకొన్న పామును స్ఫురింపజేయు గ్రీకు మాటనుండి 'సైక్లోను' అను పేరు కల్పించెను. ఆ కాలపు నావికునకు ముందుగా చెప్పువారు లేరు. 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడినది. నేడు రేవులలో 1 మొదలు 11 వరకు ప్రమాద సూచికలను ఎగురవేయుచున్నారు.

ఇక తెరచాప సంగతి. గాలి వెనుకనుండి వీచినపుడు పడవ ముందునకు పోవుటలో వింత లేదు. ఎదురుగాలిలో పోవుటయే విద్య. తెరచాపను ఏటవాలుగా బిగించినపుడు గాలి పడవను ప్రక్కకును, కొంత ముందునకును నెట్టును. పడవ అడుగున నీటిలోనికి దించిన పలక ఆ ప్రక్క నెట్టును అడ్డగించును. తడిసిన చింతగింజను రెండు వ్రేళ్ళ నడుమ నొక్కినచో అది ముందునకు చిమ్మినట్లు, పడవయు ముందునకు సాగును. అయినను నేరుగా గాలికి ఎదురేగజాలదు. పడవ ముఖమును గాలికి సుమారు 45 డిగ్రీల కంటె దగ్గరగా త్రిప్పినచో తెరచాప రెపరెపలాడి పడవ నిలిచిపోవును. అందుచేత కొండ నెక్కు బండిబాటవలె కొంతసేపు కుడికి, కొంతసేపు ఎడమకు మలుపులు త్రిప్పుచు పోవలెను. ప్రతి మలుపునందును తెరచాప క్రింది కొయ్య తలమీదుగా దాటును; వంగనివాడు దెబ్బ తినును. ఇది చదువునపుడు చిక్కుగా తోచును గాని, చుక్కాని చేతబట్టినవానికి కొద్దిరోజులలో బోధపడును.

హైదరాబాదు హుస్సేనుసాగరమున బాలబాలికలు ఈ విద్యను అభ్యసించుచున్నారు. వారెక్కు చిన్న పడవకు ఆప్టిమిస్టు అని పేరు. దానిని 1947లో అమెరికాలోని ఫ్లోరిడాలో క్లార్క్ మిల్స్ అను పడవల శిల్పి రూపొందించెను. పొడవు 2.3 మీటర్లు, బరువు 35 కిలోలు, ఒకే తెరచాప. పదునైదేండ్లలోపు వారికే ఆ పోటీలు.

పడవను నడుపుట నేర్చినవాడు దానిని కాపాడుటయు నేర్వవలెను. కొయ్యపడవను ఏటేట ఒడ్డునకు లాగి బోర్లించి, నాచును గీకి, ఆరనిత్తురు. పలకల సందులలో ప్రత్తిత్రాడు కూరి, గుగ్గిలము నూనెలో కాచి పూయుదురు. ఇది తప్పినచో చెమ్మ లోనికి దిగి, పైకి గట్టిగా కనబడు పలక లోపల పుచ్చిపోవును. తెరచాపను తడిగా మడిచిపెట్టరాదు. లంగరు త్రాటిని చేతితో తడవి, పోగులు తెగినచోట వెంటనే మార్చవలెను. మరబోటున కైనచో, బయలుదేరుటకు ముందు అడుగున చేరిన నీటిని తోడివేయవలెను. తండ్రి పడవపని చేయుచుండగా చూచిన పిల్లవానికి ఇవన్నియు చెప్పకయే తెలియును.

2019 సెప్టెంబరు 15వ తేదీన పాపికొండలు చూడబోయిన మరబోటొకటి కచ్చులూరు వద్ద వరద గోదావరిలో బోల్తాపడెను. అందు 70 మందికి పైగా నుండిరి. సమీప గ్రామస్థులు పడవలపై పరుగున వచ్చి కొందరిని ఒడ్డు చేర్చిరి. పలువురు జలసమాధి యైరి. బోటు లోతున మునిగిపోవుటచే దానిని వెలికిదీయుటకు నెలకు పైగా పట్టెను. గోదావరి ఆ దినమున ఎట్లున్నదో ఒడ్డున నిలిచిన వారందరికిని కనబడుచునే యుండెను.

అందుచేతనే పడవ విద్య నేర్పుచోట ముందు రక్షణచొక్కాను బిగించి కట్టుకొనుట నేర్పుదురు. పిమ్మట లోతులేని చోట, గాలి తక్కువగా నున్న వేళ, పడవను కావలెనని బోల్తా కొట్టింతురు. పిల్లవాడు దానిని విడువక పట్టుకొని, అడుగు పలకపై బరువు మోపి, మరల నిలబెట్టి, లోనికెక్కి, నీటిని తోడివేయవలెను. అట్లు ఎక్కి కూర్చుండిన తరువాతనే వాని చేతికి చుక్కాని నిత్తురు.