మీ ఊరి చెరువు గట్టున పక్షుల క్లబ్: మొదలుపెట్టడం ఎలా?

పక్షులను చూడాలంటే పులికాట్‌కో, నేలపట్టుకో వెళ్లాలనుకుంటారు చాలామంది. తప్పకుండా వెళ్లండి. కానీ మీ వల్ల పక్షులకు ఎక్కువ మేలు జరిగేది మీ ఊరి చెరువు దగ్గరే. నెలనెలా ఒకే చోటికి వెళ్లి, కనిపించిన ప్రతి పిట్టనూ రాసిపెట్టే నలుగురుంటే క్లబ్ పుట్టినట్టే. హైదరాబాద్‌లో 1980లో మొదలైన బర్డ్‌వాచర్స్ సొసైటీ ఆఫ్ ఆంధ్రప్రదేశ్ ఇప్పుడు దక్కన్ బర్డర్స్ పేరుతో నడుస్తోంది. అలాంటి బృందం దగ్గర్లో ఉంటే ముందు వాళ్లతో ఒకట్రెండుసార్లు తిరగండి. లేకపోతే మీరే పూనుకోండి.

ముందు చోటు, తర్వాత మనుషులు

ఇంటి నుంచి అరగంటలో చేరగలిగే చెరువు చూసుకోండి. నీళ్లతో పాటు కాస్త తుమ్మచెట్లు, పొలం గట్లు ఉంటే మరీ మంచిది. నెలలో ఒక ఆదివారం ఖాయం చేసుకోండి. తారీఖులు మారుస్తూ పోతే జనం జారిపోతారు. పదిమందికి మించితే రెండు జట్లుగా విడిపోండి. ఒకరు దారి చూపాలి, ఒకరు రాయాలి.

అక్కడ చేపలు పట్టేవాళ్లను, గొర్రెలు కాసుకునేవాళ్లను పలకరించండి. ఏ పిట్ట ఏ నెలలో దిగుతుందో వాళ్లకు బాగా తెలుసు. 1900 తర్వాత జాడ లేకుండాపోయిన కలివికోడి 1986లో కడప జిల్లాలో మళ్లీ దొరికిందంటే, స్థానికుల సాయం లేకుండా జరిగిన పని కాదది.

ఏం తీసుకెళ్లాలి?

నోటుబుక్కు, పెన్ను, నీళ్ల సీసా. మట్టిరంగు, ఆకుపచ్చ బట్టలు వేసుకోండి. సూర్యోదయానికే గట్టు మీద ఉండాలి. మొదటి రెండు గంటలు గడిస్తే సందడి తగ్గిపోతుంది. ఎండ మీ వీపు మీద పడేలా నిలబడండి, లేకపోతే ప్రతి పిట్టా నల్లగానే కనిపిస్తుంది. బైనాక్యులర్స్‌కు తొందరలేదు. క్లబ్బంతా కలిసి ఒకటి కొన్నా చాలు. 8x42 రకం కొత్తవాళ్లకు బాగుంటుంది: ఎనిమిది రెట్లు దగ్గరగా చూపిస్తుంది, 42 మిల్లీమీటర్ల అద్దం వల్ల తెల్లవారుజాము మసక వెలుగులోనూ పనికొస్తుంది.

తెల్లకొంగలతో మొదలుపెట్టండి

తొలిరోజే అరుదైన పక్షి కోసం వెతకొద్దు. అన్నిచోట్లా ఉండే తెల్లకొంగలనే చూడండి. గేదె వెంట తిరుగుతున్నదాని ముక్కు పసుపు. ఎండాకాలంలో గూడు కట్టే వేళకు దాని తల, మెడ నారింజ రంగుకు తిరుగుతాయి. నీళ్ల అంచున కాళ్లతో బురద కెలుకుతున్నదాని ముక్కు, కాళ్లు నలుపు, వేళ్లు మాత్రం పసుపు. అది కాలు పైకెత్తేదాకా ఆగండి, మేజోళ్లు తొడుక్కున్నట్టు కనిపిస్తుంది. పక్కనే మట్టిరంగులో ముడుచుకుని కూర్చున్న గుడ్డికొంగ లేచి ఎగిరిందా, రెక్కలు తెల్లగా తళుక్కుమంటాయి. ఈ మూడింటినీ తడబడకుండా చెప్పగలిగితే ముక్కు, కాళ్లు, నడక చూడటం మీకు అలవడినట్టే. పసిరిక, లకుముకి, బుడబుంగ, జెముడుకాకి ఆ తర్వాత వాటంతటవే పట్టుబడతాయి.

రాయండి, లెక్కతో సహా

తేదీ, టైము, చోటు, పక్షి పేరు, ఎన్ని. గోరింకనూ కాకినీ వదలొద్దు. పేరు తెలియకపోతే వర్ణన రాయండి; ఊహించి రాయకండి. ఇంటికొచ్చాక పక్షుల లెక్కలు నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో ఎక్కించండి. ఏటా ఫిబ్రవరిలో జరిగే గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్‌లో కనీసం పావుగంట లెక్కపెట్టి ఎవరైనా పాల్గొనవచ్చు.

ఇదంతా ఎందుకంటారా? 2023లో వచ్చిన 'స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్' నివేదిక దాదాపు 30,000 మంది పక్షి ప్రేమికులు నమోదు చేసిన 3 కోట్ల వివరాల మీద నిలబడింది. మన పాలపిట్ట తగ్గిపోతోందని తేలింది అందులోనే. దసరాకు పాలపిట్టను చూస్తే శుభమని నమ్ముతాం. ఆ నమ్మకాన్ని సొమ్ము చేసుకోవడానికి దాన్ని పట్టి, కాళ్లు కట్టేసి, గుడి ముందు చూపించేవాళ్లున్నారు. అది 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. అందుకే ప్రతి క్లబ్బూ దసరా పొద్దున ఊరివాళ్లను పొలాల వైపు తీసుకెళ్లి, కరెంటు తీగ మీద స్వేచ్ఛగా కూర్చున్న పాలపిట్టను చూపించాలని నా కోరిక.

గట్టు మీద నడత

తీతువు అరుస్తూ మీ తల మీద తిరుగుతోందంటే గూడు మీ కాళ్ల దగ్గరే ఉందని అర్థం. దానికి గూడంటే గులకరాళ్ల మధ్య చిన్న గుంట, అంతే; మచ్చల గుడ్లు రాళ్లలో కలిసిపోతాయి. నేల చూసుకుంటూ, వచ్చిన దారినే వెనక్కి తగ్గండి. గూళ్ల ఫొటోలు, అవి ఉన్న చోటు ఎక్కడా పెట్టకండి. ఫోన్లో కూతలు వినిపించి పక్షిని రప్పించడం వద్దు.

సంక్రాంతి అయిన మర్నాడు కత్తెర, పొడవాటి కర్ర తీసుకుని వెళ్లి, అందినంతవరకు చెట్లకు చిక్కిన గాలిపటాల దారం, అంటే పక్షులు చిక్కుకునే మాంజా, తీసేయండి. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే దేశమంతటా నిషేధించింది, అయినా కొమ్మలకు వేలాడుతూనే ఉంటుంది.

చెరువులో మట్టి పోస్తున్నారా?

అప్పుడే మీ నోటుబుక్కు బలం తెలుస్తుంది. పటాన్‌చెరు దగ్గరి అమీన్‌పూర్ చెరువుకు 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా గుర్తింపు వచ్చింది. మీ చెరువుకూ విలువ ఉందని చెప్పాలంటే ఆధారం కావాలి. ఏ నెలలో ఏ పక్షులు ఎన్ని వచ్చాయో ఏళ్లవారీగా పట్టిక వేసి, ఫొటోలు, సర్వే నంబరు జతచేసి కలెక్టర్‌కు, అటవీ శాఖకు అర్జీ ఇవ్వండి. నకలు మీద స్టాంపు వేయించుకోవడం మరవకండి.